అనంతపురంలో పరిశోధక విద్య

అనంతపురం పీఠభూమిలో విశ్వవిద్యాలయ పరిశోధన 1968లో పీజీ సెంటర్‌తో మొదలై, 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంతో సొంత కాళ్ల మీద నిలబడింది. పరిశోధన అంటే ఇక్కడ ఒక విద్యార్థి ఒక ఆచార్యుడి పర్యవేక్షణలో కొన్నేళ్లపాటు ఒకే అంశాన్ని తవ్వి, సిద్ధాంత గ్రంథం రాసి, పీహెచ్‌డీ గానీ, 2022 వరకైతే ఎంఫిల్ గానీ అందుకోవడం. కాగితాల మీద ఆ ఆచార్యుడు ‘పరిశోధన పర్యవేక్షకుడు’. వాడుకలో మాత్రం గైడు. క్యాంపస్‌లో పీహెచ్‌డీ చేయాలనుకునేవాణ్ణి సావాసగాళ్లు మొదట అడిగేది టాపిక్ ఏమిటని కాదు, "గైడు దొరికినాడా?" అని. ఈ జిల్లాలో పరిశోధన చరిత్ర చాలావరకు ఆ ప్రశ్నకు జవాబు వెతికిన చరిత్రే.

గైడు లేని రోజులు

1857లో పుట్టిన మద్రాసు విశ్వవిద్యాలయం చాలాకాలం పరీక్షలు పెట్టి పట్టాలిచ్చే సంస్థ. పాఠం చెప్పేది కాలేజీలు, మార్కులు వేసేది విశ్వవిద్యాలయం. గురువు పక్కన కూర్చుని పరిశోధన చేసే జర్మన్ పద్ధతి అప్పటికి ఇటువైపు రాలేదు. ఇంగ్లండులోనే ఆక్స్‌ఫర్డ్ డీఫిల్ పట్టాను 1917లో గానీ మొదలుపెట్టలేదు.

అంతకు ఒక్క ఏడాది ముందు, 1916లో, అనంతపురంలో దత్తమండల కళాశాల తెరిచారు. ఇప్పటి ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీ అదే. తొలి రోజుల్లో అక్కడ కొద్దికాలం తత్వశాస్త్రం చెప్పిన సర్వేపల్లి రాధాకృష్ణన్ అప్పటికే ఒక సిద్ధాంత వ్యాసం రాసిన మనిషి. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో ఎంఏ కోసం వేదాంతంలోని నీతి మీద ఆయన రాసిన వ్యాసం 1908లో అచ్చయింది. దాన్ని మెచ్చుకున్న ఆచార్యుడు ఏ.జి. హాగ్. మన ప్రాంతం వరకు గురుశిష్యుల పరిశోధనకు దగ్గరగా వచ్చే తొలి ఉదాహరణల్లో ఇదొకటి. అయితే అది జరిగింది మద్రాసులో. అనంతపురానికి వచ్చింది ఆ పని అప్పటికే ముగించుకున్న అధ్యాపకుడు మాత్రమే.

అదే కాలేజీలో పనిచేసిన చిలుకూరి నారాయణరావు కథ ఇంకో రకం. తెలుగు ప్రాకృతం నుంచి పుట్టిందని, ద్రావిడ భాషా కుటుంబ వాదం చెల్లదని ఆయన వాదం. దాని కోసం సేకరించిన సామగ్రి 1937లో ‘ఆంధ్ర భాషా చరిత్రము’గా వచ్చింది. ఆ వాదం తర్వాత నిలవలేదు గానీ, జిల్లా కేంద్రంలోని ఒక కాలేజీ పంతులు పెద్ద గ్రంథాలయం, తోటి పరిశోధకులు అందుబాటులో లేకుండా అంత పని చేయడం ఈనాటి స్కాలర్లకు ఊహకందదు. 1928 నంద్యాల సభలో దత్తమండలాలకు ‘రాయలసీమ’ అన్న పేరు సూచించింది కూడా ఆయనే. అదే ఏడాది రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వేమన మీద అనంతపురంలో ఉపన్యాసాలిచ్చారు. వాటిని ఏర్పాటు చేసింది ఆంధ్ర విశ్వవిద్యాలయం. శర్మగారు ఈ జిల్లా రాళ్లపల్లి మనిషే, ఉద్యోగం మైసూరులో. వేమన సమాధి ఉన్న కటారుపల్లి కదిరి దగ్గర. విషయం ఇక్కడిది, మనిషి ఇక్కడివాడు. విశ్వవిద్యాలయం మాత్రం పైనుంచి రావాల్సి వచ్చింది.

శ్రీబాగ్ మాట

1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు దాని కేంద్రం ఎక్కడన్న గొడవ రేగింది. చివరికి అది వాల్తేరులో స్థిరపడింది, సీమ కాలేజీలు తిరిగి మద్రాసు విశ్వవిద్యాలయం కిందికే వెళ్లాయి. ఆ అసంతృప్తి మీదనే 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు ఇల్లు ‘శ్రీబాగ్’లో కోస్తా, సీమ నాయకులు ఒక ఒడంబడిక చేసుకున్నారు. శ్రీబాగ్ ఒప్పందం అనగానే నీళ్లు, రాజధాని, హైకోర్టు గుర్తొస్తాయి. అందులో విశ్వవిద్యాలయం మాట కూడా ఉంది: వాల్తేరు కేంద్రాన్ని అలాగే ఉంచుతూ, అనంతపురంలో రెండో కేంద్రాన్ని పెంచాలని. సంతకం చేసినవారిలో అనంతపురం జిల్లా నుంచి కల్లూరు సుబ్బారావు, పప్పూరు రామాచార్యులు ఉన్నారు.

మాట నిలబడటానికి పట్టిన కాలం చూడండి. 1954లో సీమకు విశ్వవిద్యాలయం వచ్చింది, కానీ తిరుపతికి. అనంతపురంలో ఎంఏ పైన చదవాలన్నా, గైడు కావాలన్నా తిరుపతి బస్సెక్కడమే. 1968లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఇక్కడ పీజీ సెంటర్ పెట్టింది. 1976లో దానికి స్వయంప్రతిపత్తి వచ్చింది. 1981లో అదే శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం అయింది. ఒప్పందం నాటి నుంచి లెక్కేస్తే 44 ఏళ్లు. రాజకీయ చరిత్రకారులు ఈ 44 ఏళ్లను పెద్దగా పట్టించుకోరు. పరిశోధక విద్య వైపు నుంచి చూస్తే ఒక తరం మొత్తానికి సొంత జిల్లాలో గైడు లేకపోవడం ఈ జాప్యం ఫలితమే.

మద్రాసు వైపు వెళ్లే రోడ్డు మీద, ఇటుకలపల్లి దగ్గర, ఎర్రమట్టి నేలలో క్యాంపస్ వెలిసింది. కొన్నేళ్లపాటు అది క్యాంపస్‌కే పరిమితమైన విశ్వవిద్యాలయం. 1987 నుంచి కాలేజీలకు అనుబంధం ఇవ్వడం మొదలుపెట్టింది. అఫిలియేషన్ పని, పరీక్షల పని నెత్తిన పడ్డాక పరిశోధనకు మిగిలిన తీరిక తగ్గిందన్నది చాలా విశ్వవిద్యాలయాల అనుభవం. ఇక్కడ మాత్రం వేరుగా ఎందుకుంటుంది?

తెలుగు శాఖలో కొలకలూరి ఇనాక్, రాచపాళెం చంద్రశేఖరరెడ్డి వంటివారు పాఠం చెప్పిన కాలంలో సీమ సాహిత్యం తరగతి గదిలోకి గౌరవంగా వచ్చింది. అంతకుముందు పరిశోధన అంటే ప్రబంధాలు, ఛందస్సు, కావ్య పరామర్శ. ఊరి కథ, పత్రికలో వచ్చిన కథ, మౌఖిక గేయం కూడా సిద్ధాంత గ్రంథానికి తగిన వస్తువులేనన్న నమ్మకం తర్వాత పెరిగింది. ఆ దారి వేసింది మాత్రం సీమ కాదు. జానపద గేయ సాహిత్యం మీద ఉస్మానియాలో బిరుదురాజు రామరాజు చేసిన పరిశోధన 1950లలోదే. శ్రీబాగ్‌లో సంతకం చేసిన పప్పూరు రామాచార్యులు 1926లో అనంతపురంలో మొదలుపెట్టిన ‘శ్రీసాధన’ పత్రిక కూడా ఇలాగే పరిశోధన వస్తువైంది. దాని మీద అప్పిరెడ్డి హరినాథరెడ్డి రాసిన పుస్తకానికి 2014లో సాహిత్య అకాడెమీ యువ పురస్కారం వచ్చింది.

కరువే ప్రయోగశాల

జిల్లాలో సగటు వర్షపాతం ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్లు. పడమటి కనుమల వానచాటున ఉండటం వల్ల నైరుతి సన్నగిల్లుతుంది. బంగాళాఖాతం తుపానుల వాన ఇంత లోపలికి వచ్చేసరికి బలం కోల్పోతుంది. రెండు ఋతుపవనాలకూ చివరి చుట్టం ఈ నేల. కాబట్టి ఇక్కడి ఆర్థికశాస్త్రం, గ్రామీణాభివృద్ధి, భూగోళశాస్త్ర శాఖల్లో కరువు, వేరుశనగ, బోరుబావులు, వలస, అప్పు మళ్లీ మళ్లీ తగిలే అంశాలు. ఒక దశలో జిల్లాలో 7 లక్షల హెక్టార్లకు మించి వేరుశనగ ఒక్కటే వేశారు. ఒకే పంట, ఒకే వాన, లక్షల కుటుంబాలు: పరిశోధకుడికి ఇంతకంటే తేటగా కనబడే సమస్య దొరకదు. ఒకే ప్రశ్నావళి మండలం పేరు మార్చుకుని పదిసార్లు తిరిగే ప్రమాదం కూడా ఇందులోనే ఉంది. ఈ ప్రమాదాన్ని స్కాలరు సొంతంగా గుర్తుపట్టడం కష్టం. పట్టుకోవాల్సింది గైడు.

భాష దగ్గర ఇంకో చిక్కు. తెలుగు శాఖను వదిలేస్తే సిద్ధాంత గ్రంథాలు చాలావరకు ఇంగ్లీషులోనే. స్కాలరు రైతుతో మాట్లాడేది తెలుగులో, ఫారం నింపేది ఇంగ్లీషులో. ‘పదును’ అన్న మాట చూడండి. ఎర్రనేలలో విత్తనం పడటానికి సరిపడా తడి, ఆ తడి నిలిచే రెండు మూడు రోజులు, ఆ రోజుల్లో గొర్రు, ఎద్దులు, కూలీలు దొరకాలన్న ఆరాటం, అన్నీ ఆ ఒక్క మాటలో ఉంటాయి. నేలలో తేమ శాతంగా మారి థీసిస్‌లోకి ఎక్కేసరికి అందులో తడి మాత్రమే మిగులుతుంది. వేరుశనగకు ఊడలు దిగే వేళ వాన తప్పిందంటే రైతు చెప్పేది పంట కథ మొత్తం. పట్టికలో అది దిగుబడి కాలమ్‌లో ఒక అంకె. ఆ ఊరి యాస తెలిసిన గైడు అయితే "ఈ మాటను మార్చకుండా ఉంచు, కింద వివరణ రాయి" అంటాడు. తెలియని గైడుకు అందులో లోపమే కనబడదు.

భౌతికశాస్త్ర శాఖ కథ వీటికి పూర్తిగా భిన్నం. గాలిలోని సన్నటి ధూళి కణాలను కొలిచే ఇస్రో పరిశీలన కేంద్రాల వరుసలో ఈ క్యాంపస్ ఒకటి. సముద్రమట్టానికి 331 మీటర్ల ఎత్తున, పెద్ద నగరపు పొగకు దూరంగా, ఏడాదిలో ఎక్కువ రోజులు పొడిగా ఉండే చోటు ఇది. చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలు, సున్నపు బట్టీలు, నాపరాళ్ల పాలిష్ యూనిట్లు ఉన్నాయి. వ్యవసాయానికి శాపమైన పొడితనం ఈ కొలతకు వరమైంది. అక్కడి యంత్రం పొగలోని నల్లకార్బన్‌ను రాత్రింబవళ్లు కొలుస్తూ ఉంటుంది. ఒక స్కాలరుకు దొరికే మూడు నాలుగేళ్లు ఇలాంటి కొలతకు చాలవు. ఎండాకాలానికీ చలికాలానికీ తేడా, ఒక ఏడాదికీ మరో ఏడాదికీ తేడా తెలియాలంటే వరుసగా చాలా ఏళ్ల లెక్క కావాలి. అంటే ముందు బ్యాచ్ వాళ్లు పోగేసిన అంకెల మీద తర్వాతివాళ్లు పని చేస్తారు, యంత్రాన్ని, దాని లాగ్‌బుక్కును జూనియర్‌కు అప్పజెప్పి వెళ్తారు. ఇక్కడ గైడు పని ఒక్క థీసిస్‌ను దిద్దడంతో తీరదు, గొలుసు తెగకుండా చూడాలి. నా దృష్టిలో ఈ జిల్లా పరిశోధనలో అన్నింటికంటే నిలకడైన పద్ధతి ఇదే. సాంఘిక శాస్త్రాల స్కాలర్లు ప్రతిసారీ కొత్త గ్రామంలో, కొత్త ప్రశ్నావళితో మొదటినుంచి మొదలుపెడతారు. ముప్పై ఏళ్ల కిందట ఇంకొకరు తిరిగిన ఊళ్లకే మళ్లీ వెళ్లి, అవే ఇళ్లను పలకరించే పని ఎందుకో అంతగా సాగలేదు.

విశ్వవిద్యాలయం బయట కూడా పరిశోధన ఉంది. మెట్ట వ్యవసాయం మీద దేశవ్యాప్త సమన్వయ పథకం 1970లో మొదలైంది. దాని కేంద్రాల్లో అనంతపురం శివారు రేకులకుంట ఒకటి. వేరుశనగలో కదిరి-6, కదిరి లేపాక్షి రకాలు కదిరి కేంద్రంలో పుట్టాయి. ఈ కేంద్రాలు వ్యవసాయ విశ్వవిద్యాలయం కిందివి, ఇటుకలపల్లి స్కాలరు అక్కడ పని చేయాలంటే ఇంకో సంస్థ అనుమతి కావాలి. రైతు వేసే విత్తనం ఒక సంస్థలో, రైతు అప్పు మీద థీసిస్ మరో సంస్థలో.

గైడూ స్కాలరూ

1980, 90ల్లో పద్ధతి సరళం. ఎంఫిల్‌లో చేరి చిన్న వ్యాసం రాయడం, దాన్నే పెంచి పీహెచ్‌డీకి రిజిస్టర్ కావడం, ప్రీ-పీహెచ్‌డీ పరీక్షలు, సినాప్సిస్, ఆ తర్వాత థీసిస్. డీటీపీ సెంటర్‌లో టైపింగు, రెక్సిన్ అట్ట మీద బంగారు రంగు అక్షరాలు, మొదటి పేజీల్లో కృతజ్ఞతలు. ఆ కృతజ్ఞతల పేజీ చదివితే పర్యవేక్షణ ఎలా సాగిందో చాలావరకు తెలిసిపోతుంది. గైడు భార్యకు కూడా కృతజ్ఞత చెప్పారంటే చాలాసార్లు వాళ్లింట్లో అన్నం తిన్నారని అర్థం. ఇంకొన్నిసార్లు వాళ్లింటి పనులూ చేశారని. పూర్వం గురుకులంలో శిష్యుడు కట్టెలు కొట్టాడన్న మాటను ఇక్కడ సమర్థనగా వాడేవారున్నారు. గురుకులంలో స్టైపెండు సంతకం గురువు చేతిలో ఉండేది కాదన్నది వాళ్లు మరిచిపోతారు.

2009లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) నిబంధనలు ఈ ఇంటి వ్యవహారాన్ని ఆఫీసు వ్యవహారంగా మార్చాయి. ప్రవేశ పరీక్ష, కోర్సువర్కు తప్పనిసరి అయ్యాయి. ఒక గైడు కింద ఎంతమంది ఉండాలో హద్దు వచ్చింది. సిద్ధాంత గ్రంథాల ఎలక్ట్రానిక్ ప్రతులు ఇవ్వాలన్నారు. అవి చేరేది గాంధీనగర్ నుంచి నడిచే ‘శోధగంగ’ ఆన్‌లైన్ భాండాగారంలోకి. అంతకుముందు థీసిస్ లైబ్రరీ బీరువాలో తాళం కింద ఉండేది, గైడు, ఇద్దరు పరీక్షకులు తప్ప దాన్ని చదివేవారు తక్కువ. 2018లో కాపీ మీద యూజీసీ నిబంధనలు వచ్చాక సాఫ్ట్‌వేర్ తేల్చిన పోలిక శాతం స్కాలర్లకు జ్వరం కొలతలా మారింది. పది లోపు ఉంటే ఊపిరి.

2022 నవంబరు నిబంధనలు ఎంఫిల్‌ను తీసేశాయి. పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, మామూలుగా గరిష్ఠం ఆరేళ్లు. థీసిస్ ఇచ్చేలోపు జర్నల్‌లో వ్యాసం అచ్చు కావాలన్న తప్పనిసరి షరతు పోయింది. అది పోవడం మంచిదే, డబ్బు తీసుకుని అచ్చేసే పత్రికలు ఆ షరతు మీదే బతికాయి. ప్రొఫెసర్ కింద 8 మంది, అసోసియేట్ ప్రొఫెసర్ కింద ఆరుగురు, అసిస్టెంట్ ప్రొఫెసర్ కింద నలుగురు స్కాలర్లు. పదవీ విరమణకు మూడేళ్ల లోపు ఉన్నవారు కొత్తవారిని తీసుకోకూడదు.

పైకి ఇది నాణ్యత కోసం పెట్టిన లెక్క. అధ్యాపక పోస్టులు ఏళ్ల తరబడి భర్తీ కాని రాష్ట్ర విశ్వవిద్యాలయంలో మాత్రం దీని ఫలితం వేరు. ఒక ప్రొఫెసరు రిటైరైతే శాఖలో ఎనిమిది పరిశోధన సీట్లు పోతాయి, పోవడం కూడా మూడేళ్ల ముందే మొదలవుతుంది. తాత్కాలిక అధ్యాపకులు పాఠం చెప్పగలరు గానీ ఆ సీట్లను నింపలేరు. జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్ఎఫ్) సాధించి 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు అందుకునే అర్హత ఉన్నవాడు కూడా, గైడు ఖాళీ లేకపోతే బయటే నిలబడాలి. ఇటుకలపల్లి గేటు దగ్గర టీ అంగట్లో ఆ పాత ప్రశ్న మళ్లీ వినబడటానికి కారణం ఇదే.

ఇతర సంస్థలు

1946లో గిండీలో మొదలై 1948లో అనంతపురానికి తరలివచ్చిన ఇంజనీరింగ్ కాలేజీ, 1972లో జేఎన్‌టీయూలో భాగమై, 2008లో జేఎన్‌టీయూ అనంతపురంగా వేరే విశ్వవిద్యాలయమైంది. ఇంజనీరింగ్ పరిశోధనకు జిల్లాలో ప్రధాన కేంద్రం అదే. పుట్టపర్తిలోని శ్రీసత్యసాయి ఉన్నత విద్యా సంస్థకు 1981లోనే డీమ్డ్ హోదా వచ్చింది. 2022 ఏప్రిల్‌లో జిల్లాను విడదీశాక అది శ్రీసత్యసాయి జిల్లాకు చెందింది. కర్నూలులో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం నడిపిన పీజీ సెంటర్ 2008లో రాయలసీమ విశ్వవిద్యాలయంగా మారింది.

రాష్ట్ర విభజన చట్టం ప్రకారం ఆంధ్రప్రదేశ్ కేంద్రీయ విశ్వవిద్యాలయం 2018లో అనంతపురంలో తరగతులు మొదలుపెట్టింది. తొలినాళ్లలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం దానికి పెద్దదిక్కుగా ఉంది. శాశ్వత క్యాంపస్ బుక్కరాయసముద్రం మండలం జంతలూరులో. రేకులకుంట మెట్ట వ్యవసాయ కేంద్రం కూడా అదే మండలంలో ఉంది.