కొరియాలో 15 రెట్లు పెరిగిన క్యాన్సర్: అసలు టెస్ట్ ఎవరికి అవసరం?

క్యాన్సర్‌ని ముందే కనిపెడితే మంచిదని అందరం వింటూనే ఉంటాం. మరి దొరికిన ప్రతి టెస్టూ చేయించేసుకోవాలా? రెండు కథలు చెప్తా, వినండి.

1999లో దక్షిణ కొరియా ప్రభుత్వం క్యాన్సర్ స్క్రీనింగ్ మొదలుపెట్టింది. స్క్రీనింగ్ అంటే ఏ లక్షణాలూ లేనివాళ్లకి చేసే టెస్ట్. ప్రభుత్వ లిస్టులో థైరాయిడ్ లేదు. కానీ ఇంకొంచెం డబ్బు కడితే మెడకి అల్ట్రాసౌండ్ కూడా తీస్తామన్నాయి హాస్పిటళ్లు. నొప్పి ఉండదు, ఖర్చూ తక్కువే. జనం తీయించుకున్నారు.

2011కల్లా థైరాయిడ్ క్యాన్సర్ రేటు 1993తో పోలిస్తే 15 రెట్లు అయింది. ఆ ఒక్క ఏడాదే 40 వేల మందికి పైగా బయటపడింది. మరి దాంతో చనిపోయేవాళ్లు? ఏడాదికి 400 లోపే. ముందు ఎంతో, తర్వాతా దాదాపు అంతే!

ముందే పట్టుకోవడం వల్ల ప్రాణాలు నిలిస్తే, చావులు తగ్గాలి కదా? తగ్గలేదు. అంటే దొరికినవాటిలో చాలావరకు జీవితాంతం ఏ హానీ చేయని చిన్న గడ్డలే. కోడ్‌లో వార్నింగ్ ఉన్నా ప్రోగ్రామ్ ఏళ్ల తరబడి నడుస్తుంది చూడండి, అలా. కానీ 'క్యాన్సర్' అన్నాక ఎవరు ఊరుకుంటారు? దాదాపు అందరూ ఆపరేషన్ చేయించుకున్నారు. ఎక్కువమందికి జీవితాంతం మాత్రలు. 100లో సుమారు 11 మందికి కాల్షియం పడిపోయే సమస్య, ఇద్దరికి గొంతు దెబ్బతినడం. 2014లో కొందరు డాక్టర్లే బయటికొచ్చి ఇది ఆపండన్నాక ఆపరేషన్లు బాగా తగ్గాయి.

ఇప్పుడు రెండో కథ. అదే 1999లో, మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లాలో. మన ఆఖరి నిజాం పేరు మీద ఉన్న జిల్లానే, ఇప్పుడు ధారాశివ్. 30 నుంచి 59 ఏళ్ల ఆడవాళ్లు లక్షా 30 వేల మందికి పైగా ఉన్న పెద్ద అధ్యయనం అది. అందులో ఒక గ్రూపుకి హెచ్‌పీవీ టెస్ట్ ఒక్కసారి చేశారు. ఎనిమిదేళ్లలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ చావులు, టెస్టులు చేయని గ్రూపుతో పోలిస్తే దాదాపు సగమే!

చూశారా? ఎన్ని కేసులు దొరికాయన్నది కాదు లెక్క, ఎన్ని చావులు తగ్గాయన్నది లెక్క.

సో, ఆఫర్ ఉందని అమ్మానాన్నలకి ఫుల్ బాడీ ప్యాకేజీ బుక్ చేసేముందు డాక్టర్‌ని ఒక్కమాట అడగండి: "ఈ వయసువాళ్లలో ఈ టెస్ట్ వల్ల చావులు తగ్గాయా?" 45 ఏళ్ల అమ్మకి హెచ్‌పీవీ టెస్ట్, గుట్కా నమిలే నాన్నకి నోటి పరీక్ష, ఇవి వదలకండి. ఏ లక్షణమూ లేని పాతికేళ్ల మీకు థైరాయిడ్ స్కాన్ అక్కర్లేదు. గడ్డ, రక్తస్రావం, మానని పుండు కనిపిస్తే మాత్రం అది స్క్రీనింగ్ సంగతి కాదు. వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే.