మూతి పేలినప్పుడు పంటి వైద్యం

జ్వరం తగ్గుముఖం పట్టాక పెదవి అంచున గుంపుగా లేచే నీటిపొక్కులను జ్వరం పొక్కులనీ, మూతి పేలడమనీ అంటారు. వీటికి అసలు కారణం హెర్పెస్ సింప్లెక్స్ టైప్-1 వైరస్. జ్వరం దాన్ని నిద్ర లేపుతుందంతే. పొక్కులున్న రోజుల్లో తొందరలేని పంటి చికిత్సను వాయిదా వేయడం దంతవైద్యంలో స్థిరపడిన పద్ధతి.

ఈ వైరస్ చాలామందికి చిన్నతనంలోనే ముద్దుల వల్లో ఎంగిలి వల్లో సోకుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 సంవత్సరానికి వేసిన అంచనా ప్రకారం 50 ఏళ్లలోపు వారిలో సుమారు 370 కోట్ల మందికి, అంటే ప్రతి ముగ్గురిలో ఇద్దరికి, ఇది ఉంది. కాబట్టి సిగ్గుపడి దాచాల్సిన జబ్బేమీ కాదు. ఒంట్లో చేరాక ముఖానికి స్పర్శనిచ్చే ట్రైజెమినల్ నాడి ముడిలో జీవితాంతం ఉండిపోతుంది. ఎండ, నెలసరి, మనసుకు ఒత్తిడి దాన్ని మళ్లీ రేపుతాయి. పంటి వైద్యమే రేపడం కూడా ఉంది: పెదవిని సాగదీసి పట్టుకున్నాక, మత్తు సూది వేశాక కొద్ది రోజులకు మూతి పేలేవారున్నారు.

మొదట చిమచిమ, తర్వాత పొక్కు, అది పగిలి రసి, ఆపైన పక్కు. మామూలుగా 7-10 రోజుల్లో మానుతుంది. రసి కారే దశలో అంటు ఎక్కువ. గార తీసే స్కేలర్ చిమ్మే తుంపర ఆ వైరస్‌ను డాక్టర్ కంటిదాకా చేర్చగలదు. కంటి నల్లగుడ్డు మీద పుండు పడితే చూపుకే ముప్పు. రోగికీ సుఖం లేదు, నోరు తెరిచేసరికి పక్కు చిట్లి రక్తం వస్తుంది. అందుకే పక్కు ఎండి రాలేదాకా ఆగమంటారు.

1980లకు ముందు దంతవైద్యులు చాలావరకు వట్టి చేతులతోనే పనిచేసేవారు. ఈ వైరస్ వేలికి అంటి వచ్చే గోరుచుట్టు అప్పట్లో వారి వృత్తిజబ్బు. చీము అనుకుని దాన్ని కోస్తే గోరుచుట్టుపై రోకటిపోటే. ఎయిడ్స్ భయంతో చేతి తొడుగులు నిత్యమయ్యాక ఇది బాగా తగ్గింది.

చీముపట్టి దవడ వాచినా, రక్తం ఆగకపోయినా వాయిదా మాటే ఉండదు. తొడుగులు, కళ్లద్దాలు పెట్టుకుని, తుంపర లేపకుండా అవసరమైనంత వరకే చేస్తారు. బుగ్గ లోపల వచ్చే నోటిపూత వేరు, అది అంటదు. దానికోసం అపాయింట్‌మెంట్ మానుకోనక్కర్లేదు.

చిమచిమ మొదలవగానే వాడితేనే ఎసైక్లోవిర్ మందు కొంత పనిచేస్తుంది. పొక్కు లేచాక పూసే క్రీముతో ఒరిగేది తక్కువ. చికిత్స జరిగిన ప్రతిసారీ మూతి పేలేవారు ఆ సంగతి ముందే చెబితే, డాక్టర్ వైరస్‌ను అణచే మాత్రలు ముందుగానే మొదలుపెట్టించవచ్చు.