గట్లను తొలిచే పందికొక్కు

వరిచేల గట్లను గుల్ల చేసే చిన్న పందికొక్కును ఆంగ్ల గ్రంథాలు ‘ఇండియన్ మోల్ ర్యాట్’ అని కూడా పేర్కొంటాయి. పేరులో మోల్ ఉన్నదే గాని, ఐరోపా మోల్‌తో దీనికి చుట్టరికం లేదు. అసలు మోల్ పారల వంటి ముంగాళ్ళతో మట్టిని పక్కకు నెడుతూ వానపాములను తిని బ్రతుకుతుంది. భారతదేశంలో ఆ వర్గపు జీవులు హిమాలయ, ఈశాన్య ప్రాంతాలలోనే కనిపిస్తాయి. పందికొక్కు ఎలుకల వర్గానికి చెందినది. దీనికి ప్రధానాహారం ధాన్యమే.

ఆంగ్లంలోని ‘బాండికూట్’ అనే మాట మన ‘పందికొక్కు’ నుండి పుట్టినదే. ఆస్ట్రేలియాలోని ఒక సంచిజీవికి కూడా తెల్లవారు ఆ పేరే తగిలించడం విచిత్రం. కన్నడిగులు దీనిని హెగ్గణమనీ, తమిళులు పెరుచ్చాళి అనీ, మరాఠీలు ఘూస్ అనీ వ్యవహరిస్తారు. ఇళ్ళ పునాదులు, మురుగు కాలువల వద్ద తిరిగే పెద్ద జాతి కిలో వరకు తూగుతుంది. పొలాలలోనిది అందులో సగం కూడా ఉండదు.

ఇది ముంగాళ్ళతో, పళ్ళతో త్రవ్వి మట్టిని బయటకు నెడుతుంది. ముందరి పళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి గనుక వాటిని అరగదీయక తప్పదు. బొరియలో గూటికి ఒక గది, ధాన్యానికి వేరే గదులు, ఆపదలో పారిపోవడానికి దొంగదారులు ఉంటాయి. లోపలికి పోగానే ద్వారాన్ని మట్టితో మూసుకొంటుంది. తల్లీపిల్లలు తప్ప సాధారణంగా ఒక బొరియలో ఒకటే నివసిస్తుంది. గర్భధారణ కాలం సుమారు 23 రోజులు. ఈతకు ఆరు నుండి ఎనిమిది పిల్లలు సామాన్యం. తిండి దొరికినంత కాలం ఈతలు ఆగవు.

వరి పొట్ట దశలో దుబ్బులను కొరికివేయడం, పండిన తరువాత వెన్నులను బొరియకు చేర్చడం దీని నైజం. కొన్ని బొరియలలో కిలోకు పైగా ధాన్యం దొరకడం కద్దు. యానాదులు బొరియలకు పొగబెట్టి, త్రవ్వి, ఎలుకలతో పాటు ఆ గింజలను కూడా తీసుకొనేవారు. ధాన్యనష్టం కంటె గట్టుకు పడే గండి మరింత చేటు. రాత్రికి రాత్రి మడి నీరంతా పోతుంది.

నివారణ పొట్ట దశకు ముందే, ఊరి రైతులంతా కలిసి చేపట్టవలెను. ఒక్కరే చేస్తే పక్క చేలనుండి మళ్ళీ వస్తాయి. సాయంత్రం కన్నాలన్నీ మూసి, మరునాడు తెరిచి ఉన్నవాటిలో మాత్రమే ఎర పెట్టాలి. జింకు ఫాస్ఫైడుకు విరుగుడు లేదు. దానిని ఒట్టిచేతులతో కలపరాదు, పిల్లలకు, పశువులకు అందనీయరాదు. చచ్చినవాటిని లోతుగా పాతిపెట్టాలి. జెర్రిపోతులను, గుడ్లగూబలను చంపడం మాత్రం పందికొక్కులకు మేలు చేయడమే. వీటి మూత్రం కలిసిన నీటివలన లెప్టోస్పైరోసిస్ సోకవచ్చును గనుక, కాళ్ళకు పుండ్లున్నవారు మడిలో దిగరాదు.