నీటి అడుగున రెండు ఊర్లు: విజయపురి, పుల్లారెడ్డిగూడెం

నాగార్జునసాగర్ జలాశయపు కుడిగట్టున, పల్నాడు జిల్లా అనుపు వద్ద నేడు కనిపించే ప్రాచీన కట్టడాలు మొదట అక్కడివి కావు. మెట్ల వరుసల నడుమ దీర్ఘచతురస్రపు ఆవరణ గల రంగస్థలం, హారీతి ఆలయం, విశ్వవిద్యాలయమని జనవ్యవహారంలో ఉన్న విహార సముదాయం ఒకప్పుడు కృష్ణా లోయలో ఉండేవి. ఆనకట్ట వల్ల లోయ మునిగిపోనున్న దశలో వాటిని విడదీసి, ఎత్తైన చోటికి తరలించి, తిరిగి పేర్చారు. పుష్యమాసపు మంచులో ఈ గట్టు వెంట నడిచేవారు చూస్తున్నది మూడో శతాబ్దపు నగరాన్ని మాత్రమే కాదు; ఏది మిగలాలో ఇరవయ్యో శతాబ్దం చేసిన నిర్ణయాన్ని కూడా.

ఈ స్థలం వెలుగులోకి వచ్చిన తీరు తెలుగు విద్యార్థులకు ప్రత్యేకంగా ఆసక్తికరం. 1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే స్థానిక ఉపాధ్యాయుడు లోయలో ఒక ప్రాచీన స్తంభాన్ని గమనించి మద్రాసు ప్రభుత్వానికి తెలియజేశారు. ఆపై మద్రాసులోని శాసన విభాగంలో తెలుగు సహాయకులుగా ఉన్న సరస్వతి అక్కడికి వెళ్లి స్థల ప్రాధాన్యాన్ని గుర్తించారు. పురావస్తు చరిత్ర గ్రంథాలు లాంగ్‌హర్స్ట్ తవ్వకాలకు (1927-31) ఇచ్చినంత చోటు ఈ ఇద్దరికీ ఇవ్వలేదు. 1938లో టి.ఎన్. రామచంద్రన్ తవ్వకాలు కొనసాగించారు. 1955 డిసెంబరు 10న నెహ్రూ ఆనకట్టకు శంకుస్థాపన చేశారు. ముంపు తప్పదని తేలడంతో ఆర్. సుబ్రహ్మణ్యం నేతృత్వంలో 1954 నుంచి 1960 వరకు లోయనంతటినీ విస్తృతంగా తవ్వారు. గడువు తరుముతుండగా జరిగిన ఆ శ్రమ సామాన్యమైనది కాదు.

ఇక్ష్వాకుల రాజధాని విజయపురి అలా బయటపడింది. వీరపురుషదత్తుని ఆరో పాలనా సంవత్సరంలో చాంతిసిరి పూర్తిచేయించిన మహాచైత్యం, ముప్పైకి పైగా బౌద్ధ నిర్మాణాలు, అష్టభుజస్వామి, కార్తికేయ ఆలయాలు, మెట్ల కోనేరు వెలుగు చూశాయి. వీటిలో ఈ వ్యాసానికి ముఖ్యమైనవి ఛాయాస్తంభాలు. మరణించినవారి స్మృతికై నిలిపిన ఈ రాతి స్తంభాలు రాజులకే పరిమితం కాలేదు. చాంతమూల మహారాజు పేర అతని తల్లులు, తోబుట్టువులు, రాణులు స్తంభం నిలిపినట్లే, యుద్ధంలో పడిన సైనికులకూ, చేతిపనివారికీ నిలిపారు. పోయినవారిని పేరుతో సహా రాతిపై నిలుపుకొనే హక్కు ఈ లోయలో సామాన్యునికీ ఉండేదన్నమాట. పల్నాటిలో ఆ సంస్కారం పూర్తిగా అంతరించలేదనే చెప్పాలి. కారెంపూడి వీరుల గుడి వద్ద కార్తిక అమావాస్యకు నేటికీ ఉత్సవాలు జరుగుతూనే ఉన్నాయి.

అయితే తవ్వకాల నాటికి ఆ లోయ నిర్జన ప్రదేశం కాదు. అక్కడ పుల్లారెడ్డిగూడెం అనే ఊరు ఉండేది. ఇక్ష్వాకుల శాసనాలు చదివినవారికి ఈ పేరు తారసపడే ఉంటుంది. శాసన ప్రచురణలు శిథిలాల స్థానాన్ని చెప్పడానికి ఈ ఊరి పేరునే చిరునామాగా వాడుకున్నాయి. ఊరు మునిగింది, చిరునామా మిగిలింది. మరోవైపు, పదిహేడు వందల ఏళ్ల నాటి రాజధాని పేరు మళ్లీ ప్రాణం పోసుకుంది. ఆనకట్ట ఉద్యోగుల కోసం వెలసిన కాలనీలు విజయపురి ఉత్తరం, విజయపురి దక్షిణం అయ్యాయి.

శీతాకాలంలో కాలువలకు నీరు వదిలేకొద్దీ గట్టు వెంబడి రాళ్లపై తెల్లని చారలు ఒకదాని కింద ఒకటి తేలుతాయి. 590 అడుగుల పూర్తి మట్టం నుంచి నీరు ఎంత దిగిందో ఆ చారలే చెబుతాయి. మత్స్యకారుల వలలు ఎండుతుంటాయి. అంతకు మించి లోయ ఏమీ బయటపెట్టదు. శ్రీశైలం జలాశయంలో సంగమేశ్వరాలయం నీరు తగ్గినప్పుడల్లా పైకి వస్తుంది, భక్తులు బురద దాటి వెళ్లి పూజలు చేసుకుంటారు. సాగర్ ముంపు జనానికి అటువంటి పునర్దర్శనం లేదు. ఎదురుగా నీటిలో ద్వీపమై నిలిచిన నాగార్జునకొండపై మధ్యయుగపు కోటగోడలు, మ్యూజియం, పునర్నిర్మించిన స్తూపాలు ఉన్నాయి. లాంచీ ప్రయాణికులు ఊరి మీదుగానే కొండకు చేరుతారు.

ఆనకట్ట వద్దని కాదు ఇక్కడి వాదన. 1967లో కాలువలకు నీరు విడుదలైన తరువాత పల్నాటి మెట్ట భూముల జీవితం ఎంత మారిందో ఈ ప్రాంతపు ప్రతి కుటుంబానికీ తెలుసు. కట్టడాల తరలింపు కూడా సమర్థనీయమే. కానీ శిలను రక్షించదగినదిగా, మట్టిగోడను రక్షించనక్కరలేనిదిగా చూసిన దృష్టి మన చరిత్ర రచనలోనూ కొనసాగుతున్నది. విజయపురి వీథుల గురించి పరిశోధన గ్రంథాలున్నాయి. పుల్లారెడ్డిగూడెం వీథుల గురించి లేవు.

ఇది పురావస్తు శాఖకు సాధ్యమయ్యే పని కాదు, తెలుగు శాఖలు చేయవలసింది. చేలగట్ల పేర్లు, వాగుల పేర్లు, చేదబావుల పేర్లు, తండాల పాటలు, ఊరు విడిచినప్పుడు గ్రామదేవతను వెంట తెచ్చుకున్నారా లేదా అన్న విషయం: ఇవన్నీ భాషలో నిలిచే ఆనవాళ్లు. స్థలనామ పరిశోధకుడు శాసనంలోని శ్రీపర్వతానికి ఇచ్చే శ్రద్ధనే భూసేకరణ కాగితాల్లోని పొలం పేరుకూ ఇవ్వాలి. 1955లో పదేళ్ల వయసున్నవారికి నేడు ఎనభై దాటింది. క్షేత్రపర్యటనకు వచ్చే ఎండాకాలం సెలవుల దాకా ఆగనక్కరలేదు. గట్టు వెంట నడవడానికి ఈ పుష్య, మాఘ మాసాలే అనువైనవి.