ఒక్క లిఫ్ట్ లెక్క, ఒకే ఏడాది రెండు పేపర్లు: త్రెషోల్డ్ గ్రాఫ్‌ల కథ

ఈ ఎపిసోడ్ వెనక నేను పోగొట్టుకున్న ఒక వీకెండ్ ఉంది. దాంతోనే మొదలుపెడతా.

ఉద్యోగంలో ఉన్న రోజుల్లో, కంపెనీ పేరు వద్దులెండి, రాత్రిపూట నడిచే 4 బ్యాచ్ జాబ్స్ నా నెత్తిన పడ్డాయి. వాటిని ఎ, బి, సి, డి అనుకుందాం. ఎ, బి రెండూ ఒకే టేబుల్‌లో రాస్తాయి, కాబట్టి ఆ రెండూ ఒకేసారి నడవకూడదు. సి, డి ఇంకో టేబుల్‌లో రాస్తాయి, అవీ అంతే. మిగతా ఏ జతైనా హాయిగా కలిసి నడవొచ్చు. వీటిని అదుపు చెయ్యడానికి నాకు ఇచ్చింది ఒకే ఒక్క వెయిటెడ్ సెమఫోర్. అంటే 10 టోకెన్లున్న డబ్బా అనుకోండి. ప్రతి జాబూ మొదలయ్యే ముందు తన కోటా టోకెన్లు తీసుకోవాలి, సరిపడా లేకపోతే ఆగాలి, పనయ్యాక మళ్ళీ డబ్బాలో వేసెయ్యాలి. ఏ జాబ్‌కి ఎన్ని టోకెన్లు? అది తేల్చడమే నా పని. గంటలో అయిపోతుందనుకున్నా.

అన్నిటికీ 6 పెట్టా. ఎ, బి కలిస్తే 12, డబ్బాలో ఉన్నది 10, కాబట్టి కలవవు. బాగుంది. కానీ ఎ, సి కూడా కలవట్లేదు, అవి కలవాలి కదా! సరే, ఎ, సి లకి 9, బి, డి లకి 2 పెట్టా. ఇప్పుడు ఎ, డి కలిసినా 11. శనివారం పోయింది, ఆదివారం పోయింది. సోమవారం స్టాండప్ మీటింగ్‌లో "ఇంకా ట్యూన్ చేస్తున్నా" అని చెప్పా. అసలు అలాంటి నంబర్లు లేవని, ఉండే అవకాశమే లేదని 1977లోనే పేపర్ వచ్చేసిందని నాకు తెలీదు. ఒకటి కాదండీ, రెండు పేపర్లు. ఒకళ్ళ పని ఒకళ్ళకి సంబంధం లేకుండా, ఒకే ఏడాది.

ముందు లిఫ్ట్ లెక్క చూద్దాం. ఒక పాత అపార్ట్‌మెంట్ లిఫ్ట్ ఉంది. ఒకసారికి ఇద్దరే ఎక్కాలి. ఇద్దరి బరువు కలిపి 150 కేజీలు దాటితే బీప్ కొట్టి కదలదు. అపార్ట్‌మెంట్‌లో ఒక్కో మనిషికి కాగితం మీద ఒక చుక్క పెట్టండి. ఏ ఇద్దరు ఎక్కితే బీప్ వస్తుందో ఆ రెండు చుక్కల మధ్య గీత గీయండి. వచ్చిన బొమ్మే త్రెషోల్డ్ గ్రాఫ్. త్రెషోల్డ్ అంటే గడప, ఇక్కడ 150 అన్నది గడప. నిర్వచనం అంతే. ఇప్పుడు దీన్ని తిరగెయ్యండి. బరువులేవీ చెప్పకుండా చుక్కలూ గీతలూ మాత్రమే మీ చేతికిచ్చి, ఇది ఏదో ఒక లిఫ్ట్ బొమ్మేనా కాదా అని అడిగితే? ఈ తిరగేసిన ప్రశ్నదే మన కథంతా.

పీటర్ హామర్ 1936లో రొమేనియాలోని టిమిషోరాలో పుట్టారు. అక్కడ ఉన్నన్నాళ్ళూ ఇవనెస్కు అనే పేరుతో పేపర్లు రాశారు, అందుకే ఆయన పాత పనిని వెతికేవాళ్ళకి ఇప్పటికీ కాస్త తలనొప్పి. గురువు గ్రిగోరే మొయిసిల్. హామర్‌కి బాగా పట్టున్న విషయం బూలియన్ ఫంక్షన్లు, అంటే 0, 1 లతో ఆడే ఆట. వాటిని ఆపరేషన్స్ రిసెర్చ్‌కి ఎలా వాడాలో సెర్జియు రుడేయానుతో కలిసి 1968లో ఒక పుస్తకం రాశారు. అప్పటికే దేశం విడిచి ఇజ్రాయెల్ వెళ్ళిపోయారు, అక్కడి నుంచి కెనడా. రెండో మనిషి వాత్స్‌లావ్ ఖ్వాతల్, 1946లో ప్రాగ్‌లో పుట్టారు. 1968 ఆగస్టులో సోవియట్ ట్యాంకులు చెకొస్లొవేకియాలోకి వచ్చిన మూడు రోజులకి దేశం దాటేశారు. 1970లో కెనడాలోని వాటర్లూ యూనివర్సిటీలో పీహెచ్‌డీ అయింది, అప్పటికి వయసు 24. ఇనుప తెర అవతలి నుంచి వచ్చిన ఈ ఇద్దరూ కలిసి రాసిన త్రెషోల్డ్ గ్రాఫ్‌ల సంగతి మొదట 1973లో వాటర్లూ రిసెర్చ్ రిపోర్టుగా వచ్చింది. 1977లో 'అసమీకరణాల క్రోడీకరణ' అనే అర్థం వచ్చే పేరుతో పేపర్‌గా అచ్చయింది.

వాళ్ళ అవసరం లిఫ్ట్ కాదు, ఇంటీజర్ ప్రోగ్రామింగ్. ఉదాహరణకి ఒక కంపెనీ గోడౌన్లు కట్టాలనుకుంటోంది. పెద్ద గోడౌన్ ఒకటి, చిన్నవి మూడు. పెద్దది కడితే చిన్నవాటిలో ఏదీ కట్టకూడదు, చిన్నవి మాత్రం ఎన్నైనా కట్టొచ్చు. కడితే 1, లేకపోతే 0 అని రాస్తే మూడు షరతులొస్తాయి: పెద్దది, మొదటి చిన్నది కలిపి 1 దాటకూడదు, రెండోదానితోనూ అంతే, మూడోదానితోనూ అంతే. ఇప్పుడు పెద్దదాన్ని 3తో గుణించి, మూడు చిన్నవాటినీ దానికి కూడి, మొత్తం 3 దాటకూడదు అని ఒకే షరతు రాయండి. పెద్దది కడితే 3 అక్కడే నిండిపోయింది, చిన్నదానికి చోటు లేదు. కట్టకపోతే మూడు చిన్నవీ పడతాయి. మూడు షరతులు చేసే పని ఒక్కటే చేసేసింది. అప్పట్లో కంప్యూటర్ మెమరీ ఎంత ఉండేదో తెలిసిందే కదా, వందల షరతుల్ని ఒక్కటిగా కుదించగలిగితే పండగే. ఎప్పుడు కుదించగలం? షరతుల బొమ్మ లిఫ్ట్ బొమ్మ అయినప్పుడే, అని వాళ్ళు తేల్చారు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఈ కుదింపు మీద పెట్టుకున్న ఆశ ప్రాక్టికల్‌గా పెద్దగా ఫలించలేదనే నా అభిప్రాయం. ఎందుకంటే సాల్వర్లు మొదట భిన్నాల్ని కూడా అనుమతించి లెక్క చేస్తాయి. పెద్ద గోడౌన్ 2/3 వంతు, ఒక చిన్నది పూర్తిగా కట్టాం అనుకోండి. మన ఒక్క షరతులో 2 + 1 = 3, పాసైపోతుంది. పాత మూడు షరతులైతే 2/3 + 1 అనగానే పట్టేసుకుంటాయి. అందుకే ఇప్పుడు మోడల్ రాసేవాళ్ళు చాలాసార్లు దీనికి తిరుగుదారిలో వెళ్తారు, ఒక పెద్ద షరతుని విడగొట్టి చిన్నచిన్నవిగా రాస్తారు. పేపర్ పుట్టిన కారణం పలచబడింది, దాన్నుంచి పుట్టిన గ్రాఫ్‌లు మాత్రం నిలబడ్డాయి.

రెండో పేపర్ ఆపరేటింగ్ సిస్టమ్స్ వైపు నుంచి వచ్చింది. డచ్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా 1960ల్లో సెమఫోర్ అనే ఆలోచన ఇచ్చారు, పేరు రైల్వే సిగ్నల్ నుంచే తీసుకున్నారు. బీటెక్‌లో పి, వి అని రెండు ఆపరేషన్లు బట్టీపట్టాం గుర్తుందా? అవి డచ్ మాటల మొదటి అక్షరాలు. ఆ సంగతి ఎవరైనా క్లాసులో చెప్పుంటే ఏది తగ్గించేదో ఏది పెంచేదో నేను ప్రతి పరీక్షలోనూ తారుమారు చేసేవాణ్ణి కాదేమో. మామూలు సెమఫోర్ ఒక్కొక్కటిగానే తీస్తుంది, ఒక్కొక్కటిగానే పెడుతుంది. 1972లో వాంటిల్‌బోర్గ్, వాన్ లాంస్వీర్డ్ అనే ఇద్దరు దాన్ని విస్తరించి, ఒకేసారి కొన్ని టోకెన్లు తీసేలా చేశారు. దాన్నే పీవీ చంక్ అంటారు. నా టోకెన్ల డబ్బాకి తాతగారన్నమాట.

రీడర్స్-రైటర్స్ ప్రాబ్లం గుర్తు తెచ్చుకోండి. ఫైల్‌ని చదివేవాళ్ళు ముగ్గురు, రాసేవాడు ఒకడు. చదివేవాళ్ళు ఎంతమందైనా కలిసి చదవొచ్చు. రాసేవాడు ఉంటే మాత్రం ఇంకెవరూ ఉండకూడదు. డబ్బాలో 3 టోకెన్లు పెట్టండి, చదివేవాడికి 1, రాసేవాడికి 3. పనైపోయింది! ఇప్పుడు గోడౌన్ల లెక్క చూడండి: పెద్దదానికి 3, చిన్నవాటికి 1, గడప 3. మొదటిసారి ఈ రెండూ పక్కపక్కన రాసుకున్నప్పుడు నేను కాసేపు అలా చూస్తూ ఉండిపోయా. ఒక్క అంకె తేడా లేదు.

పీటర్ హెండర్సన్, యెహెజ్కెల్ జాల్క్‌స్టైన్ అనే ఇద్దరు ఒకే పీవీ చంక్ సెమఫోర్‌తో ఏయే సమస్యలు తీరతాయి, ఏవి తీరవు అని గ్రాఫ్‌లతో తేల్చి, 1977లో శ్యామ్ జర్నల్ ఆన్ కంప్యూటింగ్‌లో ప్రచురించారు. చూస్తే అవి ఖ్వాతల్, హామర్‌ల గ్రాఫ్‌లే.

ఇప్పుడు నా వీకెండ్ సంగతి. ఎ, బి కలవకూడదు, కాబట్టి వాటి టోకెన్ల మొత్తం 10 దాటాలి. సి, డి కూడా 10 దాటాలి. అంటే నాలుగూ కలిపి 20 దాటాలి. కానీ ఎ, సి కలవాలి, కాబట్టి వాటి మొత్తం 10 లోపే ఉండాలి. బి, డి కూడా 10 లోపే. అంటే అవే నాలుగూ కలిపి 20 దాటకూడదు. దాటాలి, దాటకూడదు. ఖేల్ ఖతం. రెండు లైన్ల కూడిక! డబ్బాలో 10 బదులు 10 లక్షల టోకెన్లున్నా ఇదే గతి. నేను ఆ రెండు రోజులూ స్ప్రెడ్‌షీట్‌లో చేసిందంతా ఈ రెండు లైన్లతో గుద్దుకోవడమే.

ఇందులో ఎ-డి, బి-సి జతల ఊసే రాలేదు గమనించారా? ఆ రెండూ కలవొచ్చు, కలవకపోవచ్చు, ఏమైనా కానీ, వాదన మారదు. రెంటికీ గీత లేకపోతే విడివిడిగా రెండు గీతలు, అదే నా కేసు. ఒకదానికే గీత ఉంటే 4 చుక్కల దారి. రెంటికీ ఉంటే 4 చుక్కల చక్రం. ఈ మూడు బొమ్మల్లో ఏది లోపల దాక్కుని ఉన్నా అది త్రెషోల్డ్ గ్రాఫ్ కాదు. ఇంతవరకూ తేలికే. అసలు ఆశ్చర్యం రెండో వైపు: ఈ మూడూ లేని ప్రతి బొమ్మకీ బరువులు దొరికి తీరతాయి. నాలుగేసి చుక్కల్లో తప్పు లేకపోతే మొత్తం బొమ్మలోనే తప్పు లేదు.

ఇంకో అందమైన విషయం. లిఫ్ట్ అపార్ట్‌మెంట్‌లో అందరికన్నా బరువైన మనిషిని, అందరికన్నా తేలికైన మనిషిని కలిపి ఎక్కించండి. బీప్ వచ్చిందా? అయితే బరువైనవాడు ఎవరితోనూ ఎక్కలేడు. రాలేదా? అయితే తేలికైనవాడు ఎవరితోనైనా ఎక్కగలడు. ఆ మనిషిని పక్కన పెట్టి మిగిలినవాళ్ళతో మళ్ళీ అదే చెయ్యండి, ఒక్కరు మిగిలేదాకా. అంటే ప్రతి త్రెషోల్డ్ గ్రాఫూ ఒక్క చుక్కతో మొదలై, అందరితో గీత ఉన్న చుక్కనో, ఎవరితోనూ గీత లేని చుక్కనో ఒక్కొక్కటిగా చేర్చుకుంటూ పెరిగిందే. ప్రతి అడుగులో రెండే దారులు, కాబట్టి 10 చుక్కలతో సరిగ్గా 512 రకాల బొమ్మలే ఉంటాయి, 2ని 9 సార్లు గుణిస్తే వచ్చేది. మీరు కోడ్ రాసేవాళ్ళయితే, ఒక గ్రాఫ్ త్రెషోల్డా కాదా అన్నది ఈ పద్ధతిలోనే లీనియర్ టైమ్‌లో చెప్పెయ్యొచ్చు.

1995 నాటికి వీటిమీద ఎంత పని జరిగిందంటే, ఎన్.వి.ఆర్. మహదేవ్, ఊరి పెలెడ్ కలిసి ఒక పుస్తకమే రాశారు. హామర్ 2006 డిసెంబర్‌లో కారు ప్రమాదంలో చనిపోయారు.

మరి నా జాబ్స్ ఏమయ్యాయి? రెండు సెమఫోర్లు పెట్టా, ఎ-బి కి ఒకటి, సి-డి కి ఒకటి. 10 నిమిషాల పని. కానీ అక్కడే అసలు ప్రశ్న లేచింది: ఒకటి చాలనప్పుడు ఎన్ని కావాలి? 1977 పేపర్‌లోనే ఖ్వాతల్, హామర్ దీన్ని అడిగారు, కనీస సంఖ్య కనుక్కోవడం కష్టమనీ చూపించారు. మూడు సరిపోతాయా అని చెప్పడం కూడా ఎన్‌పీ-కంప్లీట్ అని 1982లో యన్నకాకిస్ నిరూపించారు. మిగిలింది రెండు. కూడికలో గొడవపడే గీతలన్నిటినీ రెండు రంగులుగా విడదియ్యగలిగితే రెండు చాలు అని 1981లో ఇబారాకి, పెలెడ్ ఊహించారు. ఆ ఊహ నిజమని తేలడానికి 1995 దాకా పట్టింది, రాష్లే, సైమన్ నిరూపించారు. ఆ నిరూపణ చాలా చిక్కు. దానికన్నా బాగా తేలికైన నిరూపణని మాథ్యూ ఫ్రాన్సిస్, డాలు జేకబ్ ఇచ్చారు. అప్పట్లో ఇద్దరూ చెన్నై ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు. ఆ పేపర్ 2020 ఫిబ్రవరిలో జరిగిన కాల్డమ్ అనే సదస్సు సంపుటిలో ఉంది. సదస్సు ఎక్కడ జరిగిందో తెలుసా? మన హైదరాబాద్‌లోనే. ఆ నెల నేనూ ఇదే ఊళ్ళో ఉన్నా, సెమఫోర్ అంటే పరీక్షలో అడిగే ఐదు మార్కుల ప్రశ్న అనుకుంటూ.