లోటా నేర్చుకున్న మెహమాన్లు

మా అనంతపురం తారీఖు రాసేవాళ్లు కరువు దగ్గర మొదలుపెట్టి చెనిక్కాయ దగ్గర ఆపేస్తారు. సాలుకు 550 మిల్లీమీటర్ల దాకా వాన, అదీ మనసు పుడితే. జైసల్మేర్ తర్వాత దేశంలో అంత తక్కువ వాన మాదేనని మా స్కూల్లో ఉస్తాద్ చెబుతుంటే అదేదో ఇజ్జత్ అన్నట్టు వినేవాళ్లం. ఈ కరువును నేను గుసల్‌ఖానా వైపు నుంచి చూద్దామనుకుంటున్నా. పరదేశం నుంచి ఖిద్మత్ చేయడానికి వచ్చినవాళ్లు మన ఇళ్ల ఆదత్‌లు ఎలా నేర్చుకున్నారన్నదీ తారీఖే కదా.

మా జిల్లాలో ఆ కథ విన్సెంట్ ఫెర్రర్‌తో మొదలవుతుంది. 1920లో బార్సిలోనాలో పుట్టి, 1952లో జెస్యూట్‌గా హిందుస్తాన్ వచ్చాడు. మహారాష్ట్రలోని మన్మాడ్‌లో రైతులతో బావులు తవ్వించాడు. 1968లో సర్కారు దేశం వదిలి పొమ్మంటే, వేలమంది రైతులు ఆయన కోసం బొంబాయికి కాలినడకన బయల్దేరారు. మరుసటి ఏడాదే తిరిగొచ్చి అనంతపురంలో దిగాడు, ఆర్డీటీ పెట్టాడు. 1970లో పాదరీ బాధ్యతలు వదిలి అన్నే పెర్రీని నికా చేసుకున్నాడు. ఆమె ఇంగ్లండులో పుట్టిన జర్నలిస్టు, అప్పటికి ఇరవై మూడేళ్లు. నాదీ ఆ పేషానే కాబట్టి అడుగుతున్నా: ఆ వయసులో, నెత్తిన నిప్పులు కురిసే ఈ ఊళ్లో, బొంబాయి పత్రికాఫీసు వదులుకుని ఉండిపోవడం మాటలా? 2009 జూన్ 19న ఫెర్రర్ ఇక్కడే ఇంతకాల్ అయ్యాడు. ఖబర్ బత్తలపల్లిలో ఉంది.

వాళ్లు ఉండిపోయారు. మిగతావాళ్లు మూడు నెలలు, ఆరు నెలలు ఉండి పోయారు. అలాంటి స్పెయిన్ అమ్మాయి ఒకరు, నర్సు, నేను డిగ్రీ చదివే రోజుల్లో మా మిద్దె మీద గదిలో అద్దెకు దిగింది. అప్పట్లో మా వీధి కొళాయికి నాలుగైదు రోజులకోసారి నీళ్లొచ్చేవి. అమ్మీ లెక్క పక్కా. స్నానానికి మనిషికి ముక్కాలు బకెట్టు. బియ్యం కడిగిన నీళ్లు పక్కింటి బర్రెకు, వుజూ నీళ్లు కరివేపాకు చెట్టుకు.

మొదటి రోజు ఆ అమ్మాయి మూడు బకెట్లు పోసుకుంది. అమ్మీ పల్లెత్తు మాట అనలేదు. మెహమాన్ కదా. ఆ పూట బట్టలు ఉతకడం మాత్రం మానేసింది. రెండోరోజు కూడా మానేసింది. మూడోరోజు ఆ అమ్మాయే కిందికొచ్చి, ఖాళీ డ్రమ్ములోకి తొంగిచూసి, మొహం ఎర్రగా చేసుకుని వెళ్లిపోయింది. ఆ తర్వాత ముక్కాలు బకెట్టు అరబకెట్టయింది. లోటా సంగతి మాత్రం నేను రాయను. అమ్మీయే ఏవో సైగలతో నేర్పింది, ఇద్దరూ అరగంట నవ్వారు.

సంగటి ముద్ద, ఊరుబిండి దస్తర్‌ఖాన్ మీద పెడితే కుడి చేత్తో తినడానికి వారం పట్టింది. మధ్యాహ్నం కునుకు మాత్రం నేర్పక్కర్లేదు. జుహర్ తర్వాత అబ్బా కైలూలాకు ఒరిగితే, మా దేశంలోనూ ఇంతే అంది. మాటలు కూడా దొరికాయి. మన శక్కర్ వాళ్లకు అసూకర్. నారంగీ, నరాన్హా. ఏదైనా కావాలని కోరుకుంటే ఒహాలా అంటారట, అందులో ఉన్నది అల్లా పేరే. అందలూస్‌లో ఏడెనిమిది వందల ఏళ్లు అరబ్బీ జుబాన్ ఉన్నందుకు మిగిలిన జాడలివి. ఇక్బాల్ ఖుర్తుబా మస్జిద్ మీద రాసిన నజ్మ్‌ను ఉర్దూ మీడియంలో బట్టీ పట్టిన నాకు, స్పెయిన్ అంటే ఆ మస్జిద్ స్తంభాలే. అది మా వంటింట్లో చక్కెర డబ్బాలో కూడా ఉందని ఆ అమ్మాయి వచ్చాకే తెలిసింది.

ఇలా వచ్చినవాళ్ల తారీఖు కొంతైనా కాగితం మీద ఉంది. జిమ్మీ కార్టర్ అమ్మ లిలియన్ 1966లో, 68 ఏళ్ల వయసులో, పీస్ కోర్ నర్సుగా బొంబాయి పక్కన విక్రోలీకి వచ్చింది. ఇంటికి రాసిన ఖత్తులు 1977లో కితాబుగా అచ్చయ్యాయి.

మరి మనవాళ్లు? కదిరి, రాయచోటి, కడప వైపు నుంచి ఎంతమంది ఆడవాళ్లు కువైట్ ఇళ్లలో పనికి పోలేదు! వాళ్లూ పరాయి ఇంటి ఆదత్‌లు నేర్చుకున్నారు. కాకపోతే వాళ్లను వలంటీర్లనలేదు, ఖద్దామా అన్నారు. గిట్టకపోతే సామాను సర్దుకుని వచ్చేసే హక్కు స్పెయిన్ అమ్మాయికి ఉంది. మా ఖాలాకు లేదు. పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉండేది.

ఖాలా కదిరి నుంచి పోయింది. ఖత్తు రాయడం రాదు, క్యాసెట్‌లో మాట్లాడి ఎవరి చేతో పంపేది. వాషింగ్ మిషన్ గురించి, ఫ్రీజర్ నిండా మాంసం గురించి, తనకు గది లేక వంటింట్లో పడుకోవడం గురించి. ఒక క్యాసెట్‌లో నీళ్ల సంగతి ఉంది. అక్కడ సముద్రం నీళ్లనే మంచినీళ్లు చేస్తారట, కొళాయి ఎప్పుడు తిప్పినా వస్తాయట. రాత్రిళ్లు లేచి కొళాయిలు గట్టిగా కట్టేశానో లేదోనని చూసుకుంటున్నానని చెప్పి, కాసేపు మాట ఆపేసింది. ఆ చప్పుడులేని టేపును అమ్మీ వెనక్కి తిప్పి తిప్పి వినేది.

ఏడేళ్లకు తిరిగొచ్చి మా ఇంట్లోనే దిగింది. పొద్దున్నే గుసల్‌ఖానాలో రెండు బకెట్లు ఖాళీ చేసి, మూడోదానికి కేకేసింది. మెహమాన్‌ను ఒక్క మాట అనని అమ్మీ, తలుపు మీద దబదబ బాదింది.

"పానీ తేరే బావా కా హై క్యా గే?"

లోపల చెంబు చప్పుడు ఆగిపోయింది. తర్వాత ఖాలా ఏడుస్తోందో, నవ్వుతోందో బయటున్న మాకు తెలియలేదు. అమ్మీ మాత్రం వంటింట్లోకి పోయి, తన ముక్కాలు బకెట్టు తెచ్చి తలుపు ముందు పెట్టింది.