కమ్రా, కెమెరా, ఒక తెల్ల చాదర్

అబ్బా మాట్లాడిన వీడియో నా దగ్గర ఒక్కటే ఉంది. పదిహేడు నిమిషాలు. ఆవాజ్ సాఫ్‌గా వినిపిస్తుంది. చెహ్రా మాత్రం కనిపించదు. ఆయన్ని ఖిడ్కీకి వీపు పెట్టి కూర్చోబెట్టింది నేనే. బయట మిట్టమధ్యాహ్నం ధూప్. కెమెరా ఆ వెలుతురుకు తగ్గట్టు సర్దుకుంది, అబ్బా నల్లటి సాయాగా మిగిలిపోయారు. ఆయన ఇంతెఖాల్ అయ్యాక పెద్ద తెర మీద వేసుకుని చూస్తే గానీ ఈ సంగతి తెలియలేదు. ఇరవై ఏళ్లు అఖ్బార్‌లో పనిచేసినవాణ్ణి. మాటలు రాసుకోవడం వచ్చు గానీ రౌష్నీ సంగతి రాదు.

అమ్మీ విషయంలో ఆ గల్తీ మళ్లీ జరగకూడదనుకున్నాను. ఒక ఎల్‌ఈడీ లైటు కొని, స్టాండుకు బిగించి, ఆమె మొహానికి ఎదురుగా పెట్టి స్విచ్ వేశాను. "క్యా రే, ఆంఖాఁ ఫోడ్తా క్యా?" అంటూ అమ్మీ దుపట్టా మొహం మీదికి లాక్కుంది. వెనక గోడ మీద ఆమె నీడ బొగ్గుతో గీసినంత నల్లగా పడింది. ఆ రోజు షూటింగ్ అంతటితో ఖతమ్.

ఇక ఈ ఇల్మ్ ఎవరు ఎలా నేర్చుకున్నారో చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ తెలిసిందేమిటంటే, ఈ తారీఖ్‌లో పెద్ద పెద్ద లైట్లకంటే గదులు, గుడ్డలు, అద్దాల పాత్రే ఎక్కువ.

మొదట గది గురించి చెప్తాను. బస్రాలో పుట్టి ఖాహిరాలో (కైరో) స్థిరపడిన ఇబ్న్ అల్ హైసమ్ సుమారు వెయ్యేళ్ల కింద 'కితాబుల్ మనాజిర్' అని ఏడు భాగాల గ్రంథం రాశాడు. కంటిలోంచి కిరణాలు బయటికి పోయి వస్తువుల్ని తాకుతాయని ఆ రోజుల్లో చాలామంది ఆలిములు నమ్మేవారు. కాదు, వెలుతురే వస్తువుల నుంచి కంటికి వస్తుందని ఈయన దలీల్‌తో చెప్పాడు. చీకటి గదితో ఒక తజ్రుబా చేశాడు. గదికి ఉన్న సందుకు బయట వేర్వేరు చోట్ల కొన్ని దీపాలు పెడితే, లోపల గోడ మీద దీపానికొక వెలుగు మచ్చ విడివిడిగా పడింది. ఒక దీపానికి అడ్డం పెడితే దాని మచ్చ ఒక్కటే మాయమైంది. అన్ని వెలుతుర్లూ ఒకే సందులోంచి వచ్చినా ఒకదానితో ఒకటి కలిసిపోలేదు.

మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో 'కెమెరా' అరబ్బీ లఫ్జ్ అని తరచూ తిరుగుతుంటుంది. అది సహీ కాదు. లాటిన్‌లో కెమెరా అంటే గది. మనం ఇంట్లో వాడే 'కమ్రా' పోర్చుగీసు వాళ్ల ద్వారా ఉర్దూలోకి వచ్చింది, దాని మూలమూ అదే. అంటే కమ్రా, కెమెరా ఒకే ఖాందాన్. ఇబ్న్ అల్ హైసమ్ గొప్పతనానికి ఆయన చేసిన పనే చాలు, లేని లఫ్జ్ అంటగట్టాల్సిన జరూరత్ లేదు.

ఆ దీపాల తజ్రుబాయే నాకు పహ్లా సబక్ అయింది. గదిలో లైట్లన్నీ ఆర్పేశాను. ఒక్కొక్కటే వేసి, అది మొహం మీద ఏం చేస్తుందో చూశాను. ట్యూబ్‌లైట్ కళ్ల కింద గుంతలు తెచ్చింది. బల్బు వేస్తే మొహం పసుపెక్కింది. అన్నీ ఒకేసారి వేస్తే ఏ నీడ దేనిదో తెలియదు.

ఇక గుడ్డ సంగతి. సుబ్రత మిత్ర కలకత్తా కుర్రాడు. ఫ్రెంచి దర్శకుడు జాన్ రెన్వార్ 'ది రివర్' తీయడానికి బెంగాల్ వచ్చినప్పుడు రోజూ వెళ్లి షూటింగ్ చూసేవాడు. లైట్లు ఎక్కడెక్కడ పెట్టారో నోట్సు రాసుకుని బొమ్మలు గీసుకునేవాడు. 1952లో సత్యజిత్ రే 'పథేర్ పాంచాలి' మొదలుపెట్టి కెమెరా అతని చేతిలో పెట్టాడు. అప్పటికి మిత్రకు ఇరవైరెండేళ్లు. అంతకుముందు సినిమా కెమెరా పట్టిందే లేదు.

1956లో వచ్చిన 'అపరాజితో' కోసం కాశీలోని ఒక ఇంటి ముంగిలి కావాల్సి వచ్చింది. నాలుగు పక్కలా గదులు, నడుమ ఆకాశం కనిపించే సెహన్. సెట్టు ఆరుబయటే వేద్దామనుకున్నారు. వానాకాలం భయంతో కళాదర్శకుడు బన్సీ చంద్రగుప్తా దాన్ని కలకత్తాలో స్టూడియో లోపల కట్టాడు. మిత్ర ఒప్పుకోలేదు. సెహన్‌లోకి నేరుగా ధూప్ రాదు, పైనున్న ఆకాశం నుంచి నీడ పడనంత మెత్తని వెలుతురు దిగుతుంది, అది స్టూడియో లైట్లతో రాదని వాదించాడు. అతని మాట చెల్లలేదు. చివరికి సెట్టు పైన తెల్లగుడ్డ పరిపించాడు. లైట్లను మనుషుల వైపు కాక ఆ గుడ్డ వైపు తిప్పాడు. గుడ్డ మీద పడి తిరిగొచ్చిన వెలుతురు కాశీ ఆకాశంలా దిగింది. దాన్నే ఇప్పుడు బౌన్స్ లైటింగ్ అంటారు.

ఇందులో జాదూ ఏమీ లేదు. చిన్న దీపం నుంచి వచ్చే వెలుతురు ఒకే వైపు నుంచి తగిలి గట్టి నీడ వేస్తుంది. అదే వెలుతురు వెడల్పాటి గుడ్డ మీద పరుచుకుంటే అన్ని వైపుల నుంచీ వచ్చి నీడ అంచుల్ని చెరిపేస్తుంది. ఇప్పటికీ సినిమా సెట్ల మీద ఈ పనికి మస్లిన్ గుడ్డ వాడతారు. ఆ గుడ్డకు పేరిచ్చింది ఇరాక్‌లోని మోసుల్ నగరం.

అద్దం కథ బొంబాయిది. 1959లో గురుదత్ 'కాగజ్ కే ఫూల్' తీశాడు. అందులో మన హైదరాబాద్ దామాద్ కైఫీ ఆజ్మీ రాసిన ఒక గజల్ లాంటి పాట ఉంది. ఖాళీ స్టూడియోలోకి పైనుంచి ఒక ధూప్ కిరణం దిగి, ఇద్దరు మనుషుల మధ్య నిలబడుతుంది. స్టూడియో లైటు కాస్త దూరం పోగానే విచ్చుకుపోతుంది. సూరజ్ ఎంతో దూరంలో ఉన్నాడు కాబట్టి అతని కిరణాలు దాదాపు సమాంతరంగా వస్తాయి. కెమెరామన్ వి.కె. మూర్తి అసలు సూరజ్‌నే లోపలికి పిలిచాడు. బయట ఒక పెద్ద అద్దం, దాని వెలుతురు అందుకోవడానికి లోపల పైన ఇంకో అద్దం. 2008 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు ఆయనకు ఇచ్చారు. ఆ అవార్డు అందుకున్న మొదటి కెమెరామన్ ఆయనే.

ఒకరు నీడ లేకుండా చేశారు, మరొకరు చీకట్లో ఒక్క కిరణాన్ని నిలబెట్టారు. ఇద్దరూ ముందు చేసిన పని ఒకటే. ఈ చోటుకి రౌష్నీ ఎటు నుంచి వస్తుంది, మెత్తగా వస్తుందా గట్టిగా వస్తుందా అని నిదానంగా చూశారు.

అమ్మీతో రెండోసారి కూర్చున్నప్పుడు నేనూ చూశాను. ఆమె కుర్చీని ఖిడ్కీకి పక్కగా జరిపాను. ట్యూబ్‌లైట్ ఆర్పేశాను. మొహంలో చీకటిగా ఉన్న వైపు, ఫ్రేములో కనపడకుండా, తాడు కట్టి తెల్ల చాదర్ వేలాడదీశాను. మా దీవార్‌లది ఆకుపచ్చ రంగు, దాని మీంచి తిరిగొస్తే మొహమూ పచ్చగానే కనిపిస్తుంది. ఎల్‌ఈడీని అమ్మీ వైపు కాక చాదర్ వైపు తిప్పాను. చాదర్ దగ్గరికి జరిపితే వెలుతురు పెరిగింది, దూరం జరిపితే తగ్గింది. ఈసారి అమ్మీ కళ్లు మూసుకోలేదు. దుపట్టా సర్దుకుని, పెళ్లయి ఈ ఇంటికి వచ్చిన రోజు నుంచి మొదలుపెట్టి గంటకు పైగా చెప్పింది.

మీ ఇంట్లో చెప్పే బుజుర్గులు ఉంటే ఈ ఆదివారమే కూర్చోబెట్టండి. ఫోను చాలు, ఖిడ్కీ చాలు, ఉతికిన తెల్ల దుప్పటి చాలు. ఒక్క మాట మాత్రం యాద్ పెట్టుకోండి: ఖిడ్కీ వాళ్ల వీపు వెనక ఉండకూడదు.

రాత్రి వీడియో చూపిస్తే అమ్మీ తన మొహాన్ని చాలాసేపు చూసుకుంది. తర్వాత నెమ్మదిగా అంది: "తేరే అబ్బా కా భీ ఐసాచ్ లేనా థా రే."

నేనేమీ మాట్లాడలేకపోయాను. లేచి చాదర్ మడతపెట్టాను.